బండ మీద సుద్ద

తాడిపత్రిలో ఎండ
పాలిష్ బండ మీద పడి రెండింతలై లేస్తుంది.
అట్లాంటి మధ్యాహ్నం పిలిపించినారు నన్ను,
కడప రోడ్డు మీది వేబ్రిడ్జిలో
కంప్యూటర్ మూగబోయిందని.

కాటా గుమాస్తా కుళ్లాయప్ప
తెల్ల దుమ్ము కనుబొమలతో ఎదురొచ్చినాడు.
"ఆఫీసులో కొత్త వైఫై పెట్టె పెట్టినాం మేడమ్,
నా ఫోనుకు అందుతాండాది.
దీనికి మాత్రం అది ఉన్నట్టే తెలీదు.
ఐదు లారీలు నిలబడినాయి, చీటీ ఇయ్యల్ల."

మూత విప్పినాను.
ఫ్యాను రెక్కల మీద అరంగుళం రాతిపిండి.
లోపల ఎవరో ఎక్కించి మరిచిపోయిన
పాత లినక్స్ కెర్నల్.
అది తిరిగే ఛానెళ్లు ఒకటి నుంచి పదకొండు దాకా.
కొత్త పెట్టె కూచున్నది పదమూడులో.

అప్పుడు తెలిసింది,
పదకొండేళ్లుగా ఈ యంత్రం
తాను అమెరికాలో ఉన్నాననుకుంటోంది.
దాని కడుపులో మూడు పట్టికలే పోతపోసి ఉన్నాయి:
అమెరికా, జపాన్, యూరప్ అని ఒక ముద్ద.
నాలుగో చోటు ఒకటుందని,
అక్కడ పెన్న ఒడ్డున బండలు తూస్తారని
దానికెవరూ చెప్పలేదు.
అబద్ధమైనా అడ్డు పడలేదు గనక
నిజంలాగే పనిచేసింది ఇన్నాళ్లూ.

కుళ్లాయప్పకు ఎట్ల చెప్పల్ల?

గోడకానించిన నల్లబండ మీద
ఆ పొద్దు ధరలు, సుద్దముక్కతో.
చెరిపిన అంకెల మీద అంకెలు,
కింద నిన్నటి ఏడు ఇంకా మసగ్గా.
"ఇవి ఉలితో చెక్కించొచ్చు కదా?" అన్నాను.
నవ్వినాడు.
"రేపు మారతాయి మేడమ్.
చెక్కితే దినామూ కొత్త బండ కోయల్ల."

అదే కుళ్లాయప్పా.
ఎవరో చట్టాన్ని ఉలితో చెక్కినారు.
చెడ్డవాళ్లు కాదు, వాళ్ల చేతిలో అప్పుడు ఉలే ఉంది.
తర్వాతి వాళ్లు దాన్ని గుండెలోంచి తీసి
పక్కన చిన్న పట్టీ మీద రాసినారు,
చట్టం మారితే పట్టీ మార్చుకో,
గుండె కోసుకోవద్దు అని.
పాతదాన్ని ఒక్కపెట్టున పెరకలేదు.
"ఇది పోతుంది, ఫలానా కూర్పు దాకా ఉంటుంది,
ఈలోగా సర్దుకోండి" అని మాట రాసి పెట్టినారు.
ఆ ఫలానా ఎప్పుడో దాటింది.
మాట తాడిపత్రి దాకా రాలేదు,
వచ్చిందేమో, దుమ్ములో కనపడలేదు.

కొత్త కెర్నల్ ఎక్కించినాను.
నేను పేరు చెప్పకముందు ఓ రెండు నిమిషాలు
యంత్రానికి దేశమే లేదు.
దేశం ఉండాల్సిన చోట రెండు సున్నాలు.
ఏ చోటో తెలియనప్పుడు
పన్నెండు, పదమూడుల్లో దానికొకటే నియమం:
విను, ముందుగా నోరెత్తొద్దు.

ఆ రెండు నిమిషాలు
తెర వైపే చూస్తూ కూచున్నాను.

నాది తణుకు పక్క.
ఈ ఊరొచ్చిన మొదటి నెల నేనూ ఇంతే.
కూరగాయల బజారులో బేరం కూడా ఆడలేదు.
ఎవర్ని అప్పా అంటారో, ఎవర్ని అన్నా అంటారో,
ఏ మాటకు నవ్వుతారో, దేనికి మొహం తిప్పుకుంటారో
విన్నాను, అంతే.
అప్పుడు "చేశాను" అనేదాన్ని.
"చేసినాను" అని నోట్లోకి ఎప్పుడొచ్చిందో
ఏ లాగులోనూ లేదు.

రెండు అక్షరాలు కొట్టినాను, ఐ, ఎన్.
పదమూడు తెరుచుకుంది.
ప్రింటర్ గురక పెట్టి
మొదటి లారీ చీటీ కక్కింది.

కుళ్లాయప్ప చీటీని వెలుతురుకు పట్టి చూసినాడు.
"అయితే మేడమ్, ఇన్నేండ్లు నేనిచ్చినవన్నీ
అమెరికా చీటీలా?"
కాదప్పా, తూకం ఇక్కడిదే.
గాలి మాటే అక్కడిది.

సగమే నమ్మినట్టు తలూపి
అరచేత్తో బండ మీది ఏడును తుడిచేసి బయటికి పోయినాడు,
మూడో లారీ కింద నిద్రపోతున్న డ్రైవర్ని
కాలితో లేపడానికి.