సముద్రం వైపు నుంచి

పొద్దున్న తొమ్మిదింటికి టాలిన్ రేవు ఎదురుగా
నా ఎనిమిది సీట్ల వ్యాను.
అద్దం మీద అట్టముక్క: ఒక్క రోజులో తూర్పు తీరం,
జలపాతం, బురదనేల, జాలరి పల్లె,
సాయంత్రం ఆరుకల్లా తిరిగి ఊళ్లోకి.
పదకొండేళ్లుగా ఇదే రోజుని నడుపుతున్నాను.
ఏ మలుపులో ఎవరికి కడుపులో తిప్పుతుందో కూడా తెలుసు.

ఆ వేళ ఓడ దిగిన ఫిన్లాండ్ అన్నదమ్ములిద్దరు,
బ్రెమెన్ జంట ఒకటి,
వాళ్ల మధ్య మాటలు ఆగి రెండ్రోజులైనట్టుంది.
ఆఖర్న హిల్యా.
ఈ ఊరామే. ట్రామెక్కి వచ్చింది.
"ఇది పైఊరి వాళ్లకే కదా?" అని అడిగి
నేను బదులిచ్చేలోగా ముందు సీట్లో సర్దుకుంది.

జలపాతం దగ్గర దిగలేదు.
"నీళ్లు పైనుంచి కిందికే పడతాయి, తెలుసు."
బురదనేల మీద, చెక్కబాట పొడుగునా,
అందరూ నల్లటి మడుగుల్లోని మబ్బుల్ని ఫోటో తీస్తుంటే
ఆమె వ్యాన్లో కూర్చుని ఉడికిన గుడ్డు ఒలుచుకుంది.

పైన్ చెట్ల మధ్య రోడ్డు సన్నబడ్డాక
సంచిలోంచి ఓ కాగితం తీసింది.
చేపల డబ్బా లేబులు.
నీలం మీద తెల్లటి దీపస్తంభం,
దానికి కుడిపక్కన మూడు వలల పాకలు.
"ముప్పై రెండేళ్లు అంటించాను.
జిగురు వాసన పెళ్లినాడు కూడా వేళ్లని వదల్లేదు."
ఎప్పుడూ వెళ్లలేదా అన్నాను.
"అప్పుడు తీరమంతా సరిహద్దు. చీటీ ఉంటేనే రానిచ్చేవాళ్లు.
చేపలకి అక్కర్లేదు, మాకు కావాలి."
తర్వాత?
"తర్వాత..." అని కిటికీ వైపు తిరిగింది.
తర్వాత ఏముంటుంది,
బస్సు లేకపోవడం, మోకాలు, మనవడి జలుబు,
దగ్గరే కదా, ఎప్పుడైనా పోవచ్చులే.

పల్లెలో దిగి లేబులు చాచి పట్టుకుంది.
అటు చూసింది, ఇటు చూసింది.
దీపస్తంభం కుడివైపుంది.
కాగితాన్ని వెనక్కి తిప్పి వెలుగుకి పట్టింది.
"ఇన్నాళ్లూ తిరగేసి అంటించానా?"
బ్రెమెన్ భర్త గొంతు సవరించుకున్నాడు:
"అచ్చు తిరగబడి ఉంటుంది."
"కాదు," అంది భార్య, అతనితోనే.
"బొమ్మ వేసినవాడు పడవలో ఉన్నాడు."

పడవ నా టిక్కెట్టులో లేదు.
నాలుగూ పదికి బయల్దేరాలి, వీళ్ల ఓడ ఏడున్నరకి.
ఇదంతా చెబుదామని నోరు తెరిచేసరికి
హిల్యా బూట్లు విప్పి, మేజోళ్లు చుట్టి వాటిలో కుక్కి,
పావడా ఎత్తిపట్టి నీళ్లలోకి దిగింది.

మా సముద్రానికి లోతంటే తొందర లేదు.
పాదం, చీలమండ,
ఇంకా చీలమండే,
చాలాసేపు చీలమండే.
జూన్ నెలే గానీ ఆ నీళ్లు ఎముకని పేరుపెట్టి పిలుస్తాయి.
రాళ్లు తప్పించుకుంటూ, ఓ హంసని కసురుకుంటూ,
మోకాళ్ల దాకా వెళ్లి
అప్పుడు తిరిగింది.

అక్కణ్ణుంచి పాకల ముందు మేం కనబడి ఉంటాం,
లేబుల్లో లేనివాళ్లం ఐదుగురం.
చెయ్యి ఊపింది.
మేమూ ఊపాం.
మళ్లీ ఊపింది, విసుగ్గా,
పక్కకి జరగమని.
జరిగాం.

దారంతా హీటరు ముందు ఆమె మేజోళ్లు.
ఫిన్లాండ్ పెద్దాయన వాచీ చూసుకుంటూనే
తన స్వెట్టరు తీసి ఆమె కాళ్లకి చుట్టాడు.
వెనక సీట్లో బ్రెమెన్ వాళ్లు మెల్లగా పోట్లాడుకుంటున్నారు.
ఊరి దీపాలు ఇంకా వెలగలేదు, ఈ నెలలో వెలగవు కూడా.

ట్రామ్ స్టాపు దగ్గర ఆపితే
దిగబోతూ ఒక కాలు మెట్టు మీద ఉంచి అంది:
"పాకలు నాలుగు.
ఒకటి వేయలేదు వాడు."