వాన లేని బొమ్మ

రాయదుర్గంలో వాన రెండు చోట్లే పడేది.
ఒకటి ఎప్పుడో, మూడేండ్లకోసారి,
వేరుశనగ ఎండిపోయినంక.
రెండోది రోజుకు మూడాటలు,
మా టాకీసు తెర మీద.

బెజవాడ, బళ్ళారి, గుంతకల్లు తిరిగి తిరిగి
ఒళ్ళంతా గీతలతో మా దగ్గరికొచ్చేది ప్రింటు.
నేల టికెట్టోళ్ళు ఈలేసి అరిచేవాళ్ళు:
"ఏం మౌలాలీ, ఆ మిషను మా చేను మీదికి తిప్పబ్బా!"

కార్బన్ కడ్డీల మంట పక్కన
ముప్పై ఏండ్లు నిలబడినోణ్ణి.
తెగిన రీలు అతికినప్పుడల్లా
పాటలో ఒక అడుగో, ఏడుపులో ఒక చుక్కో
నా బ్లేడు కింద పోయేది.
ఎవురూ అడగలేదు.

ఇప్పుడు మా అల్లుడు జిలానీ
గోడంత టీవీ తెచ్చి డిస్కు ఏసినాడు.
"నెగటివు కడిగి, ఒక్కో బొమ్మా తుడిచినారంట. చూడు మామా."

చూసినా.
దేవలోకం వెనక ఆకాశం గుడ్డని తెలిసింది,
దాని ఇస్త్రీ మడత కూడా.
ముని నుదుట విగ్గు జాలీ, జాలీ అంచున జిగురు.
బాణానికి కట్టిన దారం.
రాక్షసుని మణికట్టు మీద
గడియారం ఇప్పిన తెల్లటి చార.
తలుపు కొట్టకుండా ఎవురింట్లోకో పోయినట్టు
నాకే సిగ్గేసింది.

దీనికన్నా నా వానే మేలు
అనబోయి,
ఆగినా.

గేటుకాడి ఓబులేసు గుర్తొచ్చినాడు.
"రెండో వరస, ఎడం పక్కనుంచి నాలుగోది. మాయక్క అంజినమ్మ."
బొమ్మ యాభై రోజులాడితే
యాభై రోజులూ చెప్పినాడు.
మద్రాసు రైలెక్కిపోయిన మనిషి.
ఒక ఉత్తరమొచ్చింది, ఆపైన అదీ లేదు.
మాకేమో ఆ వానలో
పిండి చల్లినట్టు పదహారు మొహాలు.
నవ్వేవాళ్ళం.

"ఆపు" అన్నా జిలానీతో.
రెండో వరస. నాలుగోది.
అప్సరస జబ్బ మీద రెండు టీకా మచ్చలు.
గడ్డం కింద, అచ్చం ఓబులేసుకున్న చోటే, పుట్టుమచ్చ.
అందరూ సింహాసనం దిక్కు చూస్తాంటే
ఆమొక్కతే మా దిక్కు చూస్తాండాది,
ఈ పాట ఎప్పుడైపోతుందా అన్నట్టు.

ఓబులేసును స్కూటరెక్కించి తీసుకొచ్చినా.
రెండు కండ్లలోనూ పొరలు.
ఆపరేషను ఈ ఏడు, వచ్చే ఏడు అంటానే ఉండాడు.
టీవీకి జానెడు దూరంలో మొహం పెట్టి
చానాసేపు చూసినాడు.
వేలు పెట్టినాడు.
ఐదోదాని మీద.
ఆ వేలు పట్టుకొని
ఒక మనిషి పక్కకు జరిపినా.

"వాన నిలిచిందా మౌలాలీ?"
"నిలిచిందబ్బా."
"ఎట్లుండాది? నవ్వుతాండాదా?"

ముప్పై ఏండ్ల అలవాటు ఊరికే పోతుందా.
రవ్వంత కత్తిరించి, అతికి,
"నవ్వుతాండాది" అన్నా.