రెండో పెనం

రాయగడ స్టేషన్ బయట
సాయంత్రం అయిదు నుంచి నా బండి.
మైదా ముద్దని నూనెలో తడిపి
గాల్లోకి విసిరితే
వల పడ్డట్టు పడుతుంది బల్ల మీద.
దాని మీద గుడ్డు కొట్టి తిప్పడం
కళ్లు మూసుకున్నా వచ్చు నాకు.
పదకొండేళ్లుగా ఇల్లు నడిపింది
ఆ రెండే, పిండీ గుడ్డూ.

ఆ రెండే పడకుండా పోయాయి
మా గుంటకి.

విశాఖలో డాక్టరమ్మ
ముంజేతి మీద గీతలు గీసి చుక్కలు వేసి
పావుగంట ఆగమంది.
పది చుక్కల్లో రెండు
కందిగింజలంత ఉబ్బాయి.
అవి దేనివో అడిగి తెలుసుకుని
"నాన్నా, నీ బండి" అంది సస్మిత.

అన్నీ తీసేశాం.
చపాతీ, బిస్కట్లు, సేమియా,
బొంబాయి రవ్వ, ఆదివారం గుడ్డు పులుసు.
అయినా శనివారం వస్తే
మెడ కింద ఎర్రగా పాకేది.
రాత్రంతా గోకుడు చప్పుడు,
ఇంట్లో ఎలక దూరినట్టు.
మా అమ్మ తవిటమ్మ
ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది.
ఆ ఘాటుకి మేమంతా దగ్గాం,
దద్దుర్లు మాత్రం కదల్లేదు.

దొంగ చివరికి
ఇంగువ డబ్బాలో దొరికింది.
శనివారం పులిహోరలో చిటికెడు.
చీమ తలకాయంత అక్షరాల్ని
భూలక్ష్మి ఫోన్లో ఫొటో తీసి
పెద్దవి చేసి చదివింది:
గోధుమ పిండి.
అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.
"నా చేత్తోనే వేశాను గదే" అంటూ
డబ్బాని ఒళ్లో పెట్టుకుని కూచుంది.

బుధవారం చాటికోన సంతలో
కొండ దిగొచ్చిన ముసలామె
మానికతో సామలు కొలుస్తోంది.
గోధుమ లేని బతుకు గురించి
నేనంత దిగులుగా చెప్తే
పడీ పడీ నవ్వింది.
"మా ఊళ్లో గోధుమ ఎప్పుడుంది బాబూ"
అని ఒడియాలో అంటూ
గుప్పెడు కొసరేసింది.

చోడిపిండి నా మాట వినదు.
మైదా అబద్ధంలా ఎంతైనా సాగుతుంది,
ఇది సాగదు. ఎత్తితే ముక్కలు.
గుడ్డుతో అతికిద్దామంటే అదీ లేదు.
పదకొండేళ్ల పనివాణ్ని
ఒక్క రొట్టె తిప్పలేక
పొయ్యి ముందు కూలబడ్డాను.
అమ్మ వచ్చి నన్ను పక్కకి జరిపింది.
నీళ్లు తెర్లనిచ్చి పిండి మీద పోసి
మూత పెట్టి "ఆగు" అంది.
వేడి ఆరకముందే
అరిచేత్తో నలిపి నలిపి
అరిటాకు మీద తట్టింది.
రొట్టె విరగలేదు.
"దీంతోనే పెరిగావు నువ్వు,
బండి కొన్నాక మర్చిపోయావు."

బడిలో గుడ్డు పెట్టే రోజు
తన గుడ్డు సుభాసినికి ఇచ్చేసి
వేరే వరసలో కూచుంటుందట.
కొత్త టీచరొస్తే చెప్పడానికి
"గుడ్డు పడదు", "అండా మనా"
రెండూ సిద్ధంగా పెట్టుకుంది.
పెళ్లిళ్లలో ఏ భాషా పనిచేయదు.
ఒక్క ముక్కకి ఏమవుద్దంటారు.
ఏమవుద్దో భూలక్ష్మికి తెలుసు.
ఆటోలో పిల్లని ఒళ్లో వేసుకుని
ఊపిరులు లెక్కపెట్టిన రాత్రి గురించి
ఎవరికీ చెప్పదు.
సంచిలోంచి డబ్బా తీసి
మూత విప్పుతుంది, అంతే.

రెండో పెనం కొన్నాం.
దాని పిడి మీద సుద్దముక్కతో
సస్మిత తన పేరు రాసింది.
కడిగినప్పుడల్లా పోతుంది,
మళ్లీ రాస్తుంది.
స్నానం చేయకుండా
దాన్ని నేను ముట్టుకోకూడదు.

పదకొండు దాటాక బండి కట్టేసి వస్తాను.
చొక్కా పెరట్లో తీగ మీదే ఆగిపోతుంది.
మోచేతుల దాకా సబ్బు, మూడుసార్లు.
గుమ్మంలో కాసుకుని ఉంటుంది
నిద్ర కళ్లతో.
"చేతులు" అంటుంది.
క్లాసు లీడరులా
వేలూ వేలూ తిప్పి చూస్తుంది.
బొటనవేలి గోరు కింద
తెల్లగా ఓ నలుసు.

"మళ్లీ."

కొళాయి దగ్గరికి నడుస్తాను.
వెనక నుంచి అరుస్తుంది,
"బేగి రా నాన్నా, నిద్దరొస్తంది."