వేరు పిలక

మజ్జిగ పులిసిపోతే
పారబోయకు, దానికి పొయ్యి అనేది
మా అత్త దాలమ్మ.
'అది' అంటే
పర్లాకిమిడిలో మా పెరటి గోడ వార కరివేప.

కొళాయి రెండు రోజులకోసారి వచ్చినా
బియ్యం కడుగు దానికే,
చేప కడుగు దానికే,
పోపు మాడిన రోజు నా విసుగూ దానికే.
ఆకు దూస్తే ఊరుకునేది కాదు.
రెమ్మ విరువు, చిటుక్కుమనాల,
విరిచిన చోట రెండు చిగుళ్ళేస్తాది,
దూసిన చోట అలుగుతాది.
నవ్వొచ్చేది నాకు.
మొన్న మా కోడలి మీద అదే మాట విసిరి
నా నోరు నేనే విన్నాను.

గోడకి అవతల హారామణి.
ఆమె వైపు కామినీ పొద.
మనవాళ్ళు దాన్ని నాగగొలుగంటారని
చాలా ఏళ్ళకిగాని తెలీలేదు.
వాన వెలిసిన రాత్రి తెల్లగా విరగబూసి
మూసిన కిటికీ సందులోంచి వచ్చి
మా ఆయన దగ్గుని లేపేది.
తెల్లారేసరికి రేకులు
గోడకి ఇటెన్నో అటన్ని.
ఊడ్చుకోవడం మాత్రం
ఎవరి వాకిలి వాళ్ళం.

మాటల్లేని రోజులవి.
గోడ ఎవరిదో తేలక
కోర్టులో ఒరియా కాగితం ఒకటి, తెలుగు కాగితం ఒకటి
ఒకదాన్నొకటి చదువుకోలేక
ఒకే కట్టలో పడున్నాయి.

ఒక శ్రావణంలో
ఆమె పొద కింద జానెడు మొక్క లేచింది.
ఎవరూ నాటలేదు.
పునాది కిందనుంచి మా చెట్టు వేరు నడిచెళ్ళి
అక్కడ తలెత్తింది.
గోడ బీటిచ్చిందని
ఆమె మొగుడు అగాధు గునపం తెచ్చాడు.
హారామణి గునపం మీద కాలు పెట్టి ఆపి,
ఒక ఆకు నలిపి, వాసన చూసి,
గోడ మీంచి అడిగింది
పదేళ్ళలో మొదటి మాట:
"ఇది మీ పిల్లా?"
"మీ ఇంట పుట్టింది, మీదే" అన్నాను.

అప్పట్నుంచి
ఆమె పొఖాళొ గిన్నెలో, నా తరవాణి కుండలో
అవే ఆకులు తేలాయి.
ఆమె భ్రుసంగా అనేది, నేను కరివేప అనేదాన్ని;
పోపులో పడ్డాక రెండూ ఒక్కలాగే చిటపటమనేవి.

కాలేజీలో చెట్ల పాఠం చెప్పే
మా మరిది కొడుకు జోగినాయుడు
ఆకుని ఎండకి పట్టి
సూదిమొనంత నూనె చుక్కలు చూపించాడు.
నిమ్మ, మారేడు, వెలగ, కరివేప, కామినీ
అన్నీ ఒకే గోత్రం పిన్నీ, అన్నాడు.
చెబితే హారామణి పడీ పడీ నవ్వింది.
"సగోత్రమా! అయితే పెళ్ళి కుదరదు.
పక్కపక్కన బతకడానికేం?"

పిట్ట రెట్టలా కనబడే పురుగొకటి
ముందు నా చెట్టు తినేది, తర్వాత ఆమెది.
పుల్లతో ముట్టుకుంటే
ఎర్ర కొమ్ములు చాచి కంపు కొట్టేది.
చంపనిచ్చేది కాదు ఆమె.
రెక్కలొచ్చాక ఎటు పోయేదో
ఇద్దరం చూడలేదు.

తుఫాను ఏడు కామినీ వేళ్ళతో సహా ఒరిగింది.
కొమ్ముతో దువ్వెనలు చేసిన చేతులు అగాధువి.
మొద్దు కోసి రెండు వేసవులు నీడన ఎండబెట్టాడు.
కొమ్ముకన్నా మొండిదమ్మా, అంటూ
నాకో కవ్వం చేసి
గోడ మీద పెట్టి వెళ్ళిపోయాడు.
లేత పసుపు చెక్క.
పువ్వు వాసన చెక్కకి రాదట.
చిలికాక ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుంటాను, అయినా.

పొద లేచిపోయిన గుంటలో ఇప్పుడు
ఏడెనిమిది పిలకలు.
తల్లేదో పిల్లేదో లెక్క తప్పింది.

మొన్న కోర్టు కాగితం వచ్చింది.
గోడ ఎవరిదో అందులో రాసే ఉంటారు.
కళ్ళజోడు కోసం లేవబోతుంటే
అవతల నూనె కాగుతున్న చప్పుడు,
దాని మీంచి హారామణి కేక:
"నాలుగు రెమ్మలియ్యి!"
నీ పెరడంతా అదే కదమ్మా, అన్నాను.
"నీ వైపుది ఘాటు" అంది.
కాగితం చంకలో పెట్టుకుని
రెమ్మ విరిచాను.