తోడు

మంట ఆరిందని తెల్లవారుజామున నాలుగింటికి
కీత్లీ వీధుల్లో చప్పట్లు.
రంగుల గోడౌను ముందు మసి మొహాలతో
ఫైర్ సిబ్బంది టీ తాగారు.
నీళ్లెటు పోయాయని ఎవరూ అడగలేదు.

నీరు పల్లమెరుగు.
ఆరు గంటలు పోసిన నీళ్లు
రంగునీ థిన్నరునీ నురగనీ వెంటేసుకుని
మిల్ లేన్ జాలీల్లోంచి దిగాయి.
వాననీ మురికినీ ఒకే గొంతులో మింగే
విక్టోరియా రాణి కాలపు ఇటుక సొరంగం అది,
ఏది ఎవరిదని అడగదు.

వాళ్ల తప్పనను.
లోపల ఇద్దరు కాపలావాళ్లు బతికారు.
జాలీ మీద పరిచే రబ్బరు చాప లారీలోనే ఉంటుంది,
ఆ వేడిలో ఎవరికి గుర్తొస్తుంది?

ఊరి చివర శుద్ధి కేంద్రంలో నాది నైట్ షిఫ్టు.
ముందు నెయిల్ పాలిష్ వాసన.
తర్వాత నురగ,
గొర్రెల మందలా గట్టు దాటి మెట్ల మీదికొచ్చింది.
తుఫాను ట్యాంకు గేటు తిప్పమని బ్రెండా హోల్‌రాయిడ్ అరిచింది.
తిప్పాం. సగమే దొరికింది.

ఐదున్నరకి ఆక్సిజన్ మీటరు ఎక్కడం మొదలెట్టింది.
రెండు. నాలుగు. ఏడు.
"మంచిదే కదా" అన్నాడు కొత్తగా చేరిన కీరన్.
బ్రెండా కుర్చీలో కూలబడింది.
గాలి మిగిలిపోతోందంటే
పీల్చేవాళ్లు లేరని.

మైక్రోస్కోపు కింద చుక్క వేసి చూశాను.
నిన్నటిదాకా సన్నటి కాడల మీద గంటపువ్వుల్లా
ముడుచుకుంటూ విచ్చుకుంటూ
ఊరి మురికి తిని ఏటికి నీళ్లిచ్చినవి.
కాడలున్నాయి.

మధ్యాహ్నం రేడియో చెప్పింది:
ప్రాణనష్టం లేదు.

సాయంత్రం స్కిప్టన్ నుంచి ట్యాంకరు.
పాలు విరిగిన ఇల్లు
పక్కింటికి గిన్నె పట్టుకెళ్లినట్టు
బతికున్న బురద అరువు తెచ్చుకున్నాం.
దీన్ని మా భాషలో తోడంటారని చెబితే
"థోడు" అని రెండుసార్లు పలికి చూసుకుంది బ్రెండా.

పాలైతే కదపకూడదు.
ఇక్కడ రాత్రంతా గాలి కొట్టి
కదుపుతూనే ఉండాలి.
మూడు వారాలంది, నాలుగూ కావచ్చంది.
అందాకా ఏరు ఓర్చుకోవాలి,
దానికి చెప్పేవాళ్లెవరు?

ఏడు.
ఏడు.
ఆరు పాయింట్ తొమ్మిది.
మీటరు అద్దాన్ని కీరన్ చొక్కా చేత్తో తుడిచి
మళ్లీ చదివాడు.