ఒకే రంగు చొక్కా

ఏడాదంతా పలాస కూర్మారావు కాళ్లకి
నేనే కాపలా.
మార్చిలో వాడి బూటు దిగిన చోటు
నా మోకాలి కింద ఇంకా నల్లగానే ఉంది.

ఇవాళ విజయనగరంలో
లీగు మేటి పదకొండుమందిలో ఇద్దరం.
పాయింట్లు లేవు, కప్పు లేదు,
గెలిస్తే ఏమిస్తారో ఎవరూ అడగలేదు.
మడతలు పోని కొత్త చొక్కాలు.

నలభయ్యో నిమిషం.
బంతి వాడి కాలికి అతుక్కుని
నా పక్కనుంచే పోతోంది.
ఆలోచించలేదు,
జారుతూ వెళ్లి లాగేశాను.

మైదానం మొత్తం గొల్లుమంది.
రిఫరీ ఈల నోట్లోనే ఉండిపోయింది.

గడ్డి దులుపుకుని
చెయ్యి వాడే అందించాడు:
"ఏట్రా బావా, సెలవురోజు కూడా డ్యూటీయేనా?"

లేస్తూ చూశాను,
వాడి చీలమండ మీద పాత మచ్చ.
రాజాం మ్యాచి. వాన.
నా ఎడమకాలు.