జమ

గుణుపురం సబ్‌జైల్లో
ఒడియా రాయడం వచ్చిన తెలుగోణ్ణని
డబ్బాల మీద నంబర్లెయ్యడం నాకు పడింది.

ముప్పై ఎనిమిది డబ్బాలు.
ఒక్క మరుగుదొడ్డి, ఒక్క మగ్గు,
గొళ్ళెం ఊడిన తలుపు.
"కోర్టు అడగని సాక్ష్యం ఇదొక్కటేరా"
అన్నాడు తవిటయ్య మామ. నవ్వాం.

ఇసాకు గొమాంగో మాత్రం
జీలుగు కల్లు బుర్ర తొణక్కుండా తెచ్చినట్టు
రెండు చేతులా పట్టుకొచ్చాడు.
రెండేళ్ళుగా వాయిదాలే వాడికి.
కనురెప్ప దించితే లోపల
నానబెట్టిన బియ్యం తెలుపు.
నాలుగడుగులకే కూలబడతాడు,
బద్ధకమని వార్డరు తంతాడు.

లేబు పిల్ల కిటికీ వెలుగులో
మైక్రోస్కోపు పెట్టి నన్నూ చూడనిచ్చింది.
గుడ్డు.
అద్దంలాంటి పెంకు, లోపల నాలుగు గదులు,
మా జైలు కన్నా శుభ్రంగా.

"కొంకి పురుగు. అరికాళ్ళలోంచి ఎక్కుతుంది.
వట్టి కాళ్ళతో మట్టి తొక్కొద్దు,
చెప్పులేసుకోండి" అంది.

ఎవరూ మాట్లాడలేదు.
గేటు పుస్తకంలో నా దస్తూరీతోనే ఉంది:
గొమాంగో ఇసాకు. తువ్వాలు ఒకటి.
హవాయి చెప్పులు, నీలం, ఒక జత.
జమ.

మాత్ర నమిలాడు వాడు.
తియ్యగా ఉందని
ఇంకోటి అడిగాడు.

మర్నాడు వంశధార మీంచి వాన.
గంట కొట్టగానే బారు తీరాం,
మరుగుదొడ్డి దాకా
చీలమండల లోతు బురద.
నా ముందు ఇసాకు పాదాలు
దిగుతూ, లేస్తూ.

గేటు గదిలో, గోనెసంచిలో,
చెప్పులు మాత్రం పొడిగా ఉన్నాయి.